సాగనంపే పాట

ఆ రెండేళ్లలో మా ఇంటికి జరిగిన నష్టాన్ని వరుసగా చెప్పాలంటే, మొదట పోయింది కార్ఖానాలు మూతబడిన వారాల కూలి, ఆ తరువాత మేము అవ్వ అని పిలిచే మా అమ్మ చెవుల కమ్మలు, నేను లెక్కలు రాసే మూడు కార్ఖానాల్లో తాళం పడి మళ్లీ తెరుచుకోని ఒకటి, లారీ ఎక్కి ఊరికి వెళ్లిపోయి తిరిగి రాని పక్కింటి రెండు కుటుంబాలు, నా భార్యకు వాసన తెలిసే గుణం, ఆ పైన అవ్వ, ఆ పైన మామ. వీళ్లతో పాటు, మా గడప ఎన్నడూ తొక్కని, మేమంటూ ఉన్నామనే ఎరుగని ఒక పెద్దమనిషి కూడా ఉన్నాడు. సినిమా పాటలకు వరసలు కట్టిన మనిషి. ఆయనను మా ఇంటి నష్టంలో రాయవచ్చునా అని నేను చాలాకాలం తటపటాయించాను. బడిలో నేర్చిన లెక్క కాదు నాది, పనిలో అబ్బిన లెక్క. అయినా ఏ పద్దు ఎక్కడ వేయాలో తెలియక ఆగిపోవడం నాకు అరుదు.

మొన్న ఆదివారం టీవీలో ఆయన వర్ధంతి కార్యక్రమం వచ్చింది. వేదిక మీద దీపాలు, వెనక ఆయన పెద్ద బొమ్మ, పట్టుబట్టలు కట్టుకున్న చిన్నపిల్లలు ఆయన పాటలు పాడుతున్నారు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి కొంచెంసేపు నా మొహం వైపు చూసి, "పప్పా, ఈయన పాట వస్తే నువ్వు గోడ దిక్కు ఎందుకు చూస్తవ్, బోర్ కొడితే చానల్ మార్చు కదా" అంది. మార్చలేదు. దానికి అప్పుడు చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను. నా ఈడువాళ్లయితే సగం చెప్పగానే మిగతా సగం గ్రహిస్తారని నా ఆశ.

మాది సిరిసిల్ల పక్క పల్లె. నాకు ఊహ తెలిసేసరికే మేము సూరత్‌లో, పాండేసరా పక్కన వడోద్‌లో కార్ఖానాకు ఆనుకుని ఉన్న ఒక గదిలో ఉన్నాం. మా నాన్న, బాపు, సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మేము సాంచాలనే అంటాం. అవ్వ గది ముందు వరండాలో రాట్నం పెట్టుకుని, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెల్లోకి పోయే కండెలకు దారం చుట్టేది. అవ్వకు తమ్ముడు, అంటే నా మేనమామ, మాతోనే ఉండేవాడు. చెడిపోయిన సాంచాలను బాగుచేసే మాస్టరు. ఆయనకు ఇంకా పెళ్లి కాలేదు, పెళ్లికని దాచిన డబ్బుతో ఒక టేప్‌రికార్డర్ కొన్నాడు. అవ్వ దాన్ని చూసి, "పిల్ల దొరకకముందే సవతిని తెచ్చిండు" అన్నదట.

ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు గానీ, నలభై సాంచాలు ఒక్కచోట కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినిపించదు. మావాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్లు. అటువంటి చోట పాట పెట్టడమనే మాటే లేదు. పాట వినాలంటే కరెంటు పోవాలి. కరెంటు పోయిన మరుక్షణం నలభై సాంచాలూ ఒక్కసారి నిలిచిపోయేవి; చెవుల్లో ఇంకా హోరు ఉండగానే మామ తలుపు దగ్గర స్టూలు మీద టేప్‌రికార్డర్ పెట్టి, నాలుగు సెల్లులూ సరిగ్గా ఉన్నాయో లేదో వేలితో ఒత్తి చూసి, మీట నొక్కేవాడు. ఎక్కువగా ఆ సంగీత దర్శకుడి పాటలే. ఒంటిమీద దూది నలుసులు, చెమట, యంత్రాల నూనె వాసన, ఉన్నట్టుండి కమ్ముకున్న నిశ్శబ్దం, అందులోంచి ఒక వేణువు. తెలుగుదేశమంతా ఆయన పాటలను సినిమా హాళ్లలోనూ పెళ్లిపందిళ్ల మైకుల్లోనూ విన్నది. మేము ఆగిపోయిన కార్ఖానాలో విన్నాం.

అందులో ఒక చిక్కు ఉంది. మా కూలి మీటరు లెక్క. సాంచా ఆగితే బట్ట ఆగుతుంది, బట్ట ఆగితే కూలి ఆగుతుంది. కనుక మాకు ప్రతి పాటా నష్టంలో విన్న పాటే. పాట ఒకటి అయ్యేలోపు ఒక సాంచా మీద అడుగు బట్ట పడేది. బాపువి నాలుగు సాంచాలు. అవ్వ వరండాలోంచే కేకేసేది.

"నీ పాట నాలుగడుగులు తిన్నది తమ్మీ. ఇంకోటి పెట్టకు."

"నేను పాట ఆపితే కరెంటు వస్తదా ఏంది అక్కా?"

"ఏమో, నువ్వు పెడదామని చూస్తుంటవ్ గనుకనే అది పోతదని నా అనుమానం."

నాకు గుణకారం వచ్చింది అక్కడే. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఎక్కాలు వల్లించాను గానీ, ఎక్కం అంటే ఏమిటో అర్థమైంది పాటను అడుగుల్లోకి, అడుగులను పైసల్లోకి మార్చినప్పుడే. ఏడో తరగతితో బడి ఆగిపోయినా ఆ అలవాటు ఆగలేదు, తరువాత దానితోనే కార్ఖానాల్లో హిసాబు రాస్తూ ఇల్లు గడిపాను. ఏ పాట ఎంత పొడుగో ఇప్పటికీ నాకు నిమిషాల్లో కాదు, బట్టలో గుర్తు.

అవ్వకు పాటలంటే కోపమని అనుకోకండి. దీపావళికి సేఠ్‌లు కార్ఖానాలు మూసేవాళ్లు. ఆ సెలవుల్లో ఒకసారి మామ మా అందరినీ డుమస్‌కు తీసుకువెళ్లాడు. నల్లటి ఇసుక, దూరంగా వెనక్కి వెళ్లిపోయిన సముద్రం, బండి దగ్గర కొన్న టమాటా భజియాలు. మామ టేప్‌రికార్డర్‌ను చాప మీద పెట్టి పాట పెట్టాడు. అవ్వ భజియా తుంచి నా చేతిలో పెడుతూ, ఎవరూ వినడం లేదనుకుని, ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా టేపుతో కలిసి పాడింది. ఒక్క మాట తప్పలేదు. అన్నేళ్లుగా వరండాలో కూర్చుని తిడుతూనే అన్నీ నేర్చుకుందన్నమాట. మామ అక్క వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తూ ఊరుకున్నాడు. చూస్తే ఆపేస్తుందని ఆయనకు తెలుసు.

ఇక సాగనంపే పాట సంగతి చెప్పాలి. సూరత్‌లో మావాళ్లు ఎవరైనా పోతే, ఊరినుంచి రాగలిగినవాళ్లు వచ్చేదాకా భజన మండలి పీనుగ పక్కన కూర్చుని పాడుతుంది. ఆ మండలికి మామే పెద్ద. డోలక్, తాళాలు, ఒక పాత హార్మోనియం. భజన పాటల్లో చాలావాటికి వరసలు ఆ సంగీత దర్శకుడివే. మాటలు మాత్రం దేవుడివి. చివర పాడె లేపేటప్పుడు పాడేదే సాగనంపే పాట. దాని పల్లవి అందరికీ ఒక్కటే, చరణాలు మాత్రం పోయినవాళ్ల కోసం అప్పటికప్పుడు కొత్తగా కట్టాలి. ఒక చరణంలో ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చాడు, ఎట్లా బతికాడు. రెండో దానిలో ఏం వదిలిపెట్టి పోతున్నాడు. ఒకరికి కట్టిన చరణం ఇంకొకరికి పాడరు. అది పూర్తయితేనే పాడె కదులుతుంది.

ఈ పద్ధతి మామ మొదలుపెట్టింది బాపు పోయిననాడే. దానికి ఎంచుకున్న వరస ఆ సంగీత దర్శకుడు కట్టిన ఒక యుగళగీతానిది. సినిమాలో ఆ పాటకు నాయకుడూ నాయికా పూలతోటలో పరుగులు తీస్తారు. మా వీధిలో ఒక తాత అడ్డం వచ్చాడు.

"తోటల ఉరికే పాటరా అది. పీనుగ ముంగట పాడుతవా?"

"ఈయన ఉరకడు గద తాతా. మెల్లగ పాడుకుందాం."

అంత దుఃఖంలోనూ ఎవరో ముక్కులోంచి నవ్వారు. మామ నన్ను పక్కకు పిలిచి, "మీ బాపు సాంచాల నడుమ ఎంత నడిచిండో చెప్పు అల్లుడా, నీకు లెక్క తెలుసు గదా" అని అడిగాడు. రోజుకు ఏడు కిలోమీటర్లు, పద్దెనిమిదేళ్లు అని వేసుకుంటే సూరత్ నుంచి మా ఊరికి దాదాపు నలభై ప్రయాణాల దూరం వచ్చింది. మామ కళ్లు మూసుకుని అందుకున్నాడు:

నాలుగు సాంచల నడుమనె నడిచీ
నలుబది మార్లు ఊరికి పోతివి
కాలికి మాత్రం దూరం తెలిసె
కంటికి ఊరే కానరాలేదు

ఆ వరస పరుగులు తీసేదే అయినా, మెల్లగా పాడితే దాని అడుగున ఎంత ఏడుపు దాగి ఉందో ఆ రోజు విన్నాను. కట్టినాయనకు కూడా తెలుసో లేదో. అప్పటినుంచి మా వీధిలో ఎవరు పోయినా మామ నన్ను లెక్క అడిగేవాడు, నేను చెప్పేవాడిని, ఆయన దాన్ని పాట చేసేవాడు. మా ఇద్దరికీ కలిపి అదొక పని అయింది. తరువాత ఆయన పెళ్లి చేసుకుని, కొడుకు పెద్దవాడై, కోసాడ్‌లో సర్కారు ఇచ్చే ఆవాస్ ఇల్లు వస్తే అక్కడికి మారినా, ఎవరైనా పోయారంటే తాళాల సంచీ భుజాన వేసుకుని బస్సెక్కి వచ్చేవాడు.

రోగం వచ్చిన మొదటి సంవత్సరం సాంచాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. వారాల తరబడి నిశ్శబ్దం. పాటలు వినడానికి మా జీవితంలో అంత తీరిక ఎన్నడూ లేదు. మామ ఒక్క పాట కూడా పెట్టలేదని ఫోనులో చెప్పాడు. రెండో ఏడు ఎండాకాలంలో రోగం మా వీధిలోకే వచ్చింది. మామకు కోసాడ్‌లో జ్వరం, ఆయనను ఒక గదిలో వేరుగా ఉంచారు. అవ్వకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాం. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. పొద్దున ఒకసారి ఫోను మాట్లాడనిచ్చేవాళ్లు.

ఆ వారంలోనే మామ ఫోను చేసి, "అల్లుడా, పోయిండట" అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాట వింటే ముందు ఎవరని అడగడానికి కూడా నోరు రాదు. మనవాళ్లు కాదు, పాటలాయన అని తెలిసినప్పుడు నాకు కలిగింది ఊరటే, దాచను. ఆ తరువాత మామ అటు ఏడుస్తున్నాడని తెలిసి, గోడకు ఆనుకుని నేనూ ఏడ్చాను. ఆ పాటలాయన పోయిందీ ఇదే రోగంతో, ఇట్లాగే ఊపిరి అందకనే. "ఆయనకు సుత చరణాలు కట్టాలె అల్లుడా. గిన్నేండ్లు ఆయన వరస మీదనే అందర్ని పంపినం. జ్వరం తగ్గనీ, మండలిని కూసోబెట్టి ఆయనను సాగనంపుదాం. నా మాట యాదుంచుకో" అన్నాడు.

మరునాడు పొద్దున ఆ కబురు అవ్వకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ మాట్లాడడానికి నాకు వేరే ఏదీ తోచలేదు, ఎట్లా ఉన్నావంటే రోజూ ఒక్కటే జవాబు. అవ్వ కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఎవ్వలు, మీ మామ పాటలాయననా? పాపం. ఎంత బట్ట ఆపిండు కొడుకా" అంది. మళ్లీ కొంచెం ఆగి, "మీ మామకు జర నచ్చజెప్పు. తినకుంట కూసుంటడు" అంది. నేను విన్న ఆఖరి మాట అదే. రెండు రోజులకు అవ్వ పోయింది.

శ్మశానంలో మాకు టోకెన్ ఇచ్చారు. అవ్వ ఒక ప్లాస్టిక్ గుడ్డలో, వరుసలో, ముందు ఎందరో వెనక ఎందరో. మొహం చూపించలేదు, దగ్గరికి రానివ్వలేదు. నేను, మండలిలో డోలక్ కొట్టే కుర్రవాడు, ఇద్దరమే వెళ్లాం. అతను డోలక్ తేలేదు, తెచ్చినా వాయించనివ్వరు. మా టోకెన్ రావడానికి ఇంకా కొంచెం ఉందనగా మామ ఫోను.

"అక్క దగ్గరనే ఉన్నవా?"

"ఉన్న మామా. జర దూరంల."

"ఫోను పైకి పట్టు."

స్పీకరు పెట్టి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. మామ సాగనంపే పాట అందుకున్నాడు. పల్లవి మొదటి పాదం వచ్చింది. రెండో పాదం దగ్గర దగ్గు. ఆగి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, ఈసారి పల్లవి మొత్తం పాడాడు. వరుసలో మా ముందున్న గుజరాతీ ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. భాష తెలియకపోయినా అది ఏ పాటో ఆయనకు తెలిసింది. ఆ తరువాత చరణం రావాలి. ఫోనులో ఊపిరి తీసే చప్పుడు ఒక్కటే వచ్చింది, పిల్లనగ్రోవిలో గాలి ఊదినా స్వరం పలకనట్టు. చెయ్యి దించకుండా అట్లాగే నిలబడ్డాను. చాలాసేపటికి మామ, "నాతోని కాలే అల్లుడా. రెండు చరణాలు ఉన్నయని అక్కకు చెప్పు. తర్వాత పాడుత" అన్నాడు. అంతలోనే మా టోకెన్ పిలిచారు. పాట పూర్తికాకుండా మా ఇంట్లోంచి వెళ్లిన మొదటి మనిషి అవ్వ.

ఇంటికి వచ్చి స్నానం చేసి కూర్చుంటే టీవీలో ఆ పాటలాయన గురించే. ఏ తెలుగు చానల్ పెట్టినా ఆయన బొమ్మ, పూలు, పెద్దపెద్దవాళ్ల నివాళులు. నా భార్య కట్టేయబోతే వద్దన్నాను, ఎందుకంటే సరిగ్గా ఆ యుగళగీతమే మొదలైంది. పల్లవి అయింది. చరణం వచ్చింది. మా అవ్వ రాట్నం, మా అవ్వ ఊరు రావలసిన చోట నాయకుడు నాయిక నడుమును పొగుడుతున్నాడు. రెండో చరణంలో అవ్వ వదిలిపెట్టిన మమ్మల్ని తలవవలసిన చోట వాళ్లిద్దరూ వానలో తడుస్తున్నారు. తప్పు ఆయనది కాదు, ఆ పాట ముందుగా వాళ్లదే. అయినా నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయనకు దేశమంతా పాడుతోంది, మా అవ్వకు రెండు చరణాలు పాడే ఊపిరి దొరకలేదు. ఆ కోపంలోనే ఆయన కోసం దుఃఖమూ ఉంది. రెండూ విడదీయడం ఇప్పటికీ నాకు చేతకాదు.

మామ బతికాడు, కానీ ఊపిరితిత్తులు చెడిపోయాయి. చలికాలం మొదట్లో కోసాడ్ వెళ్లాను. ఆయన కుర్చీలో, పక్కన ఆక్సిజన్ యంత్రం సన్నగా మోగుతూ ఉంది. అవ్వ లెక్క చెప్పాను. రోజుకు వంద కండెలు, కండెకు ఇంత దారమని, ఇరవై ఏళ్లకు వేస్తే, అవ్వ చుట్టిన దారం చందమామ దాకా వెళ్లి తిరిగి వచ్చేంత అవుతుంది. మామ మొహం విచ్చుకుంది. "ఇది చాలు అల్లుడా, చరణం దీంట్లనే ఉన్నది" అని కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూ ముక్కుతో వరస పట్టాడు. మూడో దెబ్బకు ఊపిరి తెగింది. మళ్లీ పట్టాడు, మళ్లీ తెగింది. మీరు మాటలు చెప్పండి చాలు, పాడే పని కుర్రవాళ్లు చూసుకుంటారు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మాట ముందుగాల రాదురా. రాగం పోతుంటే దాని ఎనుక వస్తది. రాగమే పోతలేదాయె."

ఆ చలికాలంలోనే, రోగం మూడోసారి వచ్చినప్పుడు, మామ పోయాడు. ఈసారి కొందరిని రానిచ్చారు. మండలిలో మిగిలిన కుర్రవాళ్లు మూతులకు గుడ్డలు కట్టుకుని పల్లవి మూడుసార్లు తిప్పి పాడారు, పాడె లేపారు. అలవాటుకొద్దీ నేను చరణం కోసం ఆగి నిలబడితే, మామ కొడుకు వెనక్కి తిరిగి, "బావా, అయిపోయింది. నడువు" అన్నాడు.

ఇప్పుడు మా వీధిలో ఎవరు పోయినా అంతే. పల్లవి మూడుసార్లు. ఒక్కోసారి అదీ లేదు, శవవాహనానికి స్పీకరు ఉంటుంది, ఎవరో పెన్‌డ్రైవ్ పెడతారు. డోలక్ కుర్రవాడు వజ్రాల పనిలో చేరాడు. పిల్లలు హిందీలో ఏడుస్తున్నారు, గుజరాతీలో కబురు పంపుతున్నారు. తప్పని అనను, ఏడుపు ఏ భాషలోనైనా ఏడుపే. కానీ పోయిన మనిషి ఎన్ని కండెలు చుట్టింది, ఎంత దూరం నడిచాడు అని నన్ను అడిగేవాళ్లు లేరు. అడగకపోయినా లెక్క వేసి ఉంచుతున్నాను, వీధిలో ప్రతి ఒక్కరిదీ.

నేను కట్టాలని చూశాను. చందమామ దాకా వెళ్లి వచ్చిన దారం అని మొదటి పాదం రాస్తే అది లెక్కలాగే ఉంది, పాటలా లేదు. రెండో పాదం ఇప్పటికీ రాలేదు. టీవీ కార్యక్రమం చివరన ఆ పిల్లలు యుగళగీతం కూడా పాడారు, చక్కగానే పాడారు, చప్పట్లు చాలాసేపు మోగాయి. అమ్మాయి లేచి టీవీ కట్టేసింది. నేను గోడ వైపు కూర్చుని మరోసారి కూడుకున్నాను. అవ్వవి రెండు. మామవి రెండు. మామ మాట ఇచ్చి వెళ్లాడు కనుక ఆ పాటలాయనవి రెండు. ఈ రోజుకు మా ఇంటి మీద ఉన్న బాకీ ఆరు చరణాలు.